చిత్రకారులు మట్టి పట్టినప్పుడు: రూపం, రంగు, కాల్పు గురించి ఒక ప్రశ్న

వర్ణరేఖ:

సభ్యులందరికీ నమస్కారం. నేను తైలవర్ణాలతో ముఖచిత్రాలు వేస్తాను. ఒక ముఖం మీద వెలుగు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడి నుంచి జారిపోతుంది, పక్కగోడ మీద పడిన వెలుతురు నీడ లోపలికి కూడా ఎలా పాకుతుంది అన్నదే ఇన్నేళ్లుగా నా సాధన. కొంతకాలంగా మట్టితో తలలు చేయడం మొదలుపెట్టాను. ఎదురుగా నిలబడి చూసినప్పుడు పోలిక బాగానే కుదురుతోంది. తిరుగుడు పీటను పావుచుట్టు తిప్పితే మాత్రం ఆ ముఖం చదునుగా కనిపిస్తోంది. చెంప ఎక్కడ ముగిసి మెడ ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు.

అంతకన్నా ఎక్కువగా నన్ను ఆలోచనలో పడేస్తున్న విషయం మరొకటి ఉంది. చిత్రంలో వెలుగును నేనే నిర్ణయిస్తాను, ఒకసారి వేశాక అది మారదు. మట్టి తల మీద ఉదయం ఒక ముఖం కనిపిస్తుంది, సాయంత్రం దీపం కింద మరో ముఖం కనిపిస్తుంది. నేను ఇంతకాలం నేర్చుకున్న వెలుగునీడల విద్యకు ఇక్కడ పని ఉందా, లేక దాన్ని పక్కన పెట్టి అన్నీ మొదటి నుంచి నేర్చుకోవాలా అన్నదే నా అసలు ప్రశ్న.

దీనికి తోడు మరికొన్ని సందేహాలున్నాయి. అన్నివైపుల నుంచి చూసే శిల్పానికి పోకముందు పలక మీద ఉబ్బెత్తు శిల్పం చేయడం చిత్రకారులకు సులువైన మెట్టు అవుతుందని కొందరు చెబుతారు, అది నిజమేనా? రంగును వదులుకోవడం నాకు ఇష్టం లేదు. మట్టి మీద రంగు వేయాలంటే కాల్చకముందు వేయాలా, కాల్చాక వేయాలా? అసలు చేసిన ప్రతి బొమ్మనూ కాల్చి తీరాలా? ఈ దారిలో నడిచినవారు వివరంగా రాయగలరని ఆశిస్తున్నాను.

మట్టిముద్ద:

వర్ణరేఖ గారూ, రూపం గురించి నేను రాస్తాను. రంగు, కాల్పు సంగతులు నాకన్నా బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు.

చిత్రకారులకు మట్టిలో ఎదురయ్యే ఇబ్బంది చేతిలో ఉండదు, నిలబడే చోటులో ఉంటుంది. కాన్వాసుకు ఎదురు ఒక్కటే. అక్కడి నుంచి చూసినప్పుడు ముఖం అంచు ఒక గీత, ఆ గీత సరిగ్గా పడితే పోలిక వచ్చేస్తుంది. శిల్పానికి అలా స్థిరంగా నిలిచే అంచు ఎక్కడా లేదు. మీరు ఒక అడుగు పక్కకు జరిగితే ఇందాకటి అంచు లోపలి ఉపరితలంలో కలిసిపోతుంది, ఇందాక కనబడని చోటు కొత్త అంచుగా ముందుకు వస్తుంది. కాబట్టి ఎదుటి నుంచి పోలిక కుదిరేదాకా ఒకేచోట నిలబడి పనిచేసే పద్ధతిని మానుకోండి. పీటను కొద్దికొద్దిగా తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ కనిపించే బయటి గీతను మాత్రమే సరిచేస్తూ వెళ్లండి. చుట్టు పూర్తయ్యేవరకు కళ్ల జోలికి, పెదవుల జోలికి పోవద్దు. ఫ్రెంచి శిల్పి రోడాఁ తన శిల్పాలను ఇలా ఒకదాని తర్వాత ఒకటిగా పార్శ్వరేఖలను పట్టుకుంటూనే చేసేవాడు. గీత మీద మీకున్న పట్టు ఇక్కడ నేరుగా పనికొస్తుంది.

ముఖం చదునుగా కనిపించడానికి కారణం చాలాసార్లు ముఖంలో ఉండదు, తల వెనకభాగంలో ఉంటుంది. పక్క నుంచి చూస్తే నుదుటి నుంచి వెనకతల దాకా ఉండే లోతు తల ఎత్తుకు కొంచెమే తక్కువ. ముఖచిత్రాలు వేసేవారికి ఆ లోతును ఎప్పుడూ కుదించి గీయడం అలవాటు కాబట్టి మట్టిలోనూ దాన్ని తెలియకుండానే కుదిస్తారు. చెవి కూడా అంతే. పక్క నుంచి చూసినప్పుడు అది తల మధ్యగీతకు వెనకవైపు ఉంటుంది. ఎదుటి నుంచి మాత్రమే చూసి పెట్టిన చెవి ముందుకు వచ్చేస్తుంది, దాంతో దవడ పొట్టిదై చెంపకు తిరిగే చోటే లేకుండా పోతుంది. ముందు పుర్రె పరిమాణానికి సరిపడా మట్టిని అండాకారంగా నిలబెట్టి, మెడను ముందుకు వాలిన స్తంభంగా అమర్చి, అప్పుడు ముఖానికి రండి.

ఇక కన్ను. చిత్రంలో కన్ను అంటే ముదురు కనుపాప, పైరెప్ప కింద ఒక నీడ, ఒక తెల్లని చుక్క. ఆ అలవాటుతో మట్టిలో కనుపాపను గీతగా గీస్తే అది గీతగానే మిగిలిపోతుంది. ముందు కంటిగుంటను మీరు అనుకున్నదానికన్నా లోతుగా తవ్వండి. అందులో ఒక గుండ్రని మట్టి ఉండను కూర్చోబెట్టి, దాని మీద రెండు సన్నని మట్టిపట్టీలను రెప్పలుగా చుట్టండి. పైరెప్ప కిందిరెప్పకన్నా ముందుకు పొడుచుకుని ఉండాలి. పక్క నుంచి చూస్తే కన్ను నిట్టనిలువుగా ఉండదు, పై నుంచి కిందికి వచ్చేకొద్దీ వెనక్కి వాలుతుంది. ఈ వాలు కుదిరిన వెంటనే పైరెప్ప మందం వల్ల ఉండ మీద ఒక సన్నని నీడ పడుతుంది. మీరు ఇన్నేళ్లుగా ముదురు గోధుమరంగుతో వేస్తూ వచ్చిన గీత అదే. తర్వాత కనుపాప ఉండాల్సిన చోట చిన్న గుంట తవ్వి, దాని పై అంచున ఒక మట్టిరవ్వను వదిలేయండి. గుంట నల్లగా కనిపిస్తుంది, రవ్వ వెలుగు పట్టి మెరుస్తుంది, రంగేమీ లేకుండానే చూపు వస్తుంది. పాలరాతి శిల్పులు తరతరాలుగా వాడిన ఉపాయమే ఇది.

మీ అసలు ప్రశ్నకు నా జవాబు కూడా ఇందులోనే ఉంది. వెలుగునీడల విద్యకు ఇక్కడ పూర్తిగా పని ఉంది. చిత్రంలో మీరు నీడను వేస్తారు, మట్టిలో నీడ పడే చోటును తయారుచేస్తారు. చెంప ఎముక కింద ముదురుదనం కావాలనిపిస్తే అక్కడ మట్టి తీయాలి. నుదుటి మీద వెలుగు మెల్లగా చల్లారాలంటే ఆ వంపును మెల్లగా తిప్పాలి. వెలుగు ఒక్కసారిగా తెగిపోవాలంటే రెండు ఉపరితలాలు స్పష్టమైన అంచుతో కలవాలి. గదిలో ఒకే దీపం పెట్టుకుని, పని మధ్యలో దాన్ని ఎడమకు, కుడికి, నెత్తి మీదికి, చివరకు గడ్డం కిందికి కూడా మార్చి చూడండి. ఒక్క దీపానికి మాత్రమే కుదిరిన ముఖం ఇంకా చిత్రం దగ్గరే ఆగి ఉందని అర్థం. భావం మారినా మనిషి మారకుండా నిలిస్తే రూపం కుదిరినట్టే.

ఉబ్బెత్తు శిల్పం సులువైన మెట్టు అన్న మాటతో నేను ఏకీభవించను. అది చిత్రానికీ శిల్పానికీ మధ్య ఉన్నట్టు కనిపిస్తుంది గానీ దాని లెక్క ప్రత్యేకమైనది. ఉన్న లోతునంతా ఒక నిష్పత్తిలో అణచాలి, అణచినా ఏది ముందు ఏది వెనక అన్న వరుస చెడకూడదు. ముక్కు కొన నుంచి చెవి దాకా ఉన్న దూరాన్ని వేలు మందంలోకి తేవాలంటే అసలు దూరం ఎంతో ముందే తెలిసి ఉండాలి. ఇటలీ శిల్పి డొనాటెల్లో సుమారు 1417లో సెయింట్ జార్జి విగ్రహం అడుగున చెక్కిన పాలరాతి పలకలో వెనకనున్న వరండా, చెట్లు దాదాపు గీతలంత పలుచగా ఉండి కూడా దూరంగా కనిపిస్తాయి. అంత పలుచదనంలో అంత దూరం చూపించడం ఆరంభకులకు అప్పగించే పని కాదు. మొదట తల మొత్తాన్ని అన్నివైపులా చేయండి, తర్వాత అదే తలను పలక మీదికి అణచండి.

ఆవంసెగ:

మట్టిముద్ద గారు రూపం గురించి చెప్పినదానికి నేను చేర్చేదేమీ లేదు. మట్టి స్వభావం, కాల్పు, రంగు గురించి రాస్తాను, ఎందుకంటే ఈ మూడూ రూపం పూర్తయ్యాక ఆలోచించే విషయాలు కావు, మొదటి ముద్ద బల్ల మీద పెట్టకముందే తేల్చుకోవాల్సినవి.

మట్టిలో రేణువులు సన్నని పలకల ఆకారంలో ఉంటాయి, వాటి మధ్య నీటిపొర ఉన్నందువల్లే అవి ఒకదాని మీద ఒకటి జారి మట్టి మన చేతికి లొంగుతుంది. ఆ నీరు పోయేకొద్దీ రేణువులు దగ్గరపడి బొమ్మ కుంచించుకుపోతుంది. ఆరడంలో కొంత, కాల్చడంలో కొంత కలిపి మట్టిని బట్టి 8 నుంచి 15 శాతం దాకా తగ్గుతుంది. అసలు మనిషి తలంత తల చేయాలనుకుంటే ముందే ఆ మేరకు పెద్దదిగా చేసుకోవాలి. లోపల ఇనుపతీగల చట్రం పెట్టి చేసిన బొమ్మను కాల్చాలనుకోకూడదు. మట్టి కుంచించుకుంటుంది, ఇనుము కుంచించుకోదు, ఆ పట్టుదలలో మట్టే బీటలు తీస్తుంది. కాల్చే తలకు నిలువు కర్ర చుట్టూ కాగితం గట్టిగా చుట్టి దాని మీద మట్టి వేయండి. మట్టి బిగిశాక కర్రను లాగేయవచ్చు.

శిల్పం పనికి నున్నని కుండమట్టి మంచిది కాదు. కాల్చిన మట్టిని దంచి గరుకు పొడిగా కలిపిన మట్టిని ఎంచుకోండి, ఆ పొడినే గ్రోగ్ అంటారు. ఆ పొడి ఇంతకుముందే కాలింది కాబట్టి మళ్లీ కుంచించుకోదు, పైగా లోపలి తేమ బయటకు రావడానికి దారులు ఇస్తుంది. తల సగం ఆరి, వేలితో నొక్కితే ముద్ర పడనంతగా బిగిసిన దశలో తీగతో నెత్తిభాగాన్ని టోపీలా కోసి తీసి, లోపలి మట్టిని తవ్వి గోడ మందం దాదాపు 2 సెంటీమీటర్ల దగ్గరకు తేవాలి. తర్వాత రెండు అంచులనూ గీతలు గీసి గరుకు చేసి, అదే మట్టిని నీళ్లలో కలిపిన చిక్కటి గుజ్జు పూసి, గట్టిగా అదిమి అతికించాలి. లోపలి బోలు మూసుకుపోకుండా అడుగున ఒక రంధ్రం ఉండాలి. మందం ఒకేలా ఉండటం ముఖ్యం. ముక్కు, చెవులు ముందుగా ఆరిపోతాయి కాబట్టి వాటికి తడిగుడ్డ ముక్క కప్పి ఉంచితే మిగతా తలతో పాటు నెమ్మదిగా ఆరుతాయి.

గాలిబుడగ ఉంటే బొమ్మ ఆవంలో పేలిపోతుందని అందరూ అంటారు. పేలడానికి అసలు కారణం గాలి కాదు, మిగిలిపోయిన తేమ. 100 డిగ్రీల సెల్సియస్ దాటగానే ఆ తేమ ఆవిరై ఒక్కసారిగా ఉబ్బుతుంది, బయటకు పోయే వ్యవధి లేకపోతే గోడను బద్దలుకొడుతుంది. మందమైన శిల్పాన్ని ఆవంలో పెట్టాక 100 డిగ్రీల లోపే గంటల తరబడి నిలిపి ఉంచేది అందుకే. ఆరిందో లేదో తెలుసుకోవడానికి బొమ్మను చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తేమ ఉన్నట్టు. ఇంకా పైకి వెళ్తే సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య మట్టి అణువుల్లో రసాయనికంగా కట్టుబడి ఉన్న నీరు కూడా పోతుంది. ఆ దశ దాటిన మట్టిని నీళ్లలో నానబెట్టినా మళ్లీ ముద్ద కాదు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ స్ఫటికాలు ఒక్కసారిగా వ్యాకోచిస్తాయి, చల్లారేటప్పుడు అదే చోట మళ్లీ సంకోచిస్తాయి. అక్కడ తొందరపడితే పగులు తప్పదు. ఎర్రమట్టి సాధారణంగా 1000 నుంచి 1150 డిగ్రీల మధ్య కాలుతుంది, రాయిలా గట్టిపడే స్టోన్‌వేర్ మట్టి 1200 నుంచి 1300 డిగ్రీల దాకా కోరుతుంది. ఏ మట్టి ఎంత వేడికి అన్నది దాన్ని అమ్మినవారు ఇచ్చిన వివరాల్లో చూసుకుని, వాడే రంగులనూ అదే వేడికి సరిపడేవిగా ఎంచుకోవాలి.

రంగు గురించి మీ మనసులో ఉన్న లెక్కను చాలావరకు మార్చుకోవాలి. తైలవర్ణాల్లోని కర్బన (ఆర్గానిక్) రంగులన్నీ ఆవంలో కాలిపోతాయి. అల్ట్రామెరీన్ నీలం కూడా ఆ వేడికి నిలవదు. నిలిచేవి లోహపు ఆక్సైడ్లు. కోబాల్ట్ నీలాన్ని ఇస్తుంది. ఇనుము గోధుమ, నలుపు రంగులను ఇస్తుంది, ఆవంలో ఆక్సిజన్ తగ్గించి కాలిస్తే చాలా కొద్ది ఇనుము లేత పచ్చదనాన్ని కూడా ఇస్తుంది. రాగి మామూలు కాల్పులో ఆకుపచ్చగా, ఆక్సిజన్ తగ్గిన కాల్పులో ఎర్రగా వస్తుంది. పూసేటప్పుడు చేతిలో ఉన్న రంగు ఒకటి, ఆవం నుంచి వచ్చేది మరొకటి. కోబాల్ట్ కార్బొనేట్ కలిపిన పూత లేత ఊదాగా కనిపించి నీలంగా బయటకు వస్తుంది. పాలెట్ మీద కలిపి కంటితో సరిచూసుకోవడం అలవాటైన మీకు ఇది కష్టంగా తోచవచ్చు. అందుకే చిన్న మట్టిబిళ్లలు చేసి, ఒక్కో బిళ్ల మీద ఒక్కో మిశ్రమాన్ని పలుచగా, చిక్కగా పూసి, వెనక దాని వివరం రాసి కాల్చి దాచుకోండి. గోడకు వరుసగా వేలాడదీసిన ఆ బిళ్లలే ఇక మీ పాలెట్.

చిత్రకారులకు నేను మొదట సూచించేది రంగుమట్టి పూత, అంటే తెల్లమట్టి గుజ్జులో ఆక్సైడ్లు కలిపి సగం ఆరిన బొమ్మ మీద కుంచెతో వేయడం. అది కాల్చాక కూడా గ్లేజులా, అంటే వేడికి గాజులా మారే పూతలా, కరిగి జారదు, కుంచె ఆనవాలు ఉన్నచోటే ఉంటుంది. ఎర్రమట్టి మీద ముందుగా తెల్లపూత వేస్తే కాన్వాసుకు ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) చేసే మేలే చేస్తుంది. తెల్లపూతను గీకి కింది ఎరుపును బయటపెట్టడం ద్వారా గీతలు కూడా తీయవచ్చు. దీనికి పూర్తిగా భిన్నమైనది తగరం కలిపిన తెల్లని పచ్చి గ్లేజు మీద చిత్రం వేయడం. ఒకసారి కాల్చిన మట్టి మీద ఆ గ్లేజు పొడిపొడిగా ఆరి ఉంటుంది. కుంచె తాకించగానే రంగునీటిని పీల్చేస్తుంది, తుడవడానికి గానీ సాగదీయడానికి గానీ వీలుండదు, కుంచె తటపటాయించిన ప్రతిచోటా మచ్చ పడుతుంది. తైలవర్ణాన్ని రోజుల తరబడి దిద్దుకునే చేతికి ఇది మంచి శిక్షణ అవుతుంది.

గోడనీడ:

నేను చిత్రకారుణ్ణే, ఇప్పటికీ చిత్రాలే నా ప్రధాన వృత్తి. పైన రాసిన ఇద్దరి మాటల్లోని జ్ఞానాన్ని గౌరవిస్తూనే కొన్నిచోట్ల విభేదిస్తున్నాను. వారిద్దరూ వర్ణరేఖ గారిని మంచి శిల్పిని, మంచి సిరామిక్ కళాకారిణిని చేయడానికి దారి చెప్పారు. చిత్రకారిణిగా ఉంటూనే మట్టితో ఆలోచించాలనుకునేవారికి అంత ఏర్పాటు అవసరం లేదని నా నమ్మకం.

కాల్చి తీరాలా అని అడిగారు. అవసరం లేదు. ఫ్రెంచి చిత్రకారుడు దోమియే 1832 నుంచి తన కాలపు ఫ్రెంచి పార్లమెంటు సభ్యుల తలలను చిన్నచిన్న మట్టిబొమ్మలుగా చేసి రంగులు వేశాడు. వాటిని కాల్చలేదు. ఆ తలల ఆధారంగా లిథోగ్రాఫులు, అంటే రాతిపలక మీద గీసి అచ్చు తీసే చిత్రాలు, గీశాడు. ఆ బొమ్మల్లో 36 ఇప్పటికీ పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్నాయి. దవడ ఎంత వేలాడుతుంది, ముక్కు ఎంత ముందుకు పొడుచుకొస్తుంది అన్నది ఒకసారి వేళ్లతో తెలుసుకున్నాక రాతి మీద గీసిన గీతలో ఆ బరువు కనిపిస్తుంది. ఇటలీ చిత్రకారుడు టింటొరెట్టో మైనంతో, మట్టితో చిన్న బొమ్మలు చేసి, వాటిని కలపతో, అట్టతో కట్టిన బుల్లి గదుల్లో నిలబెట్టి, కిటికీల్లోంచి దీపపు వెలుగు పడనిచ్చి, కొన్నింటిని దూలాలకు వేలాడదీసి కింది నుంచి ఎలా కనిపిస్తాయో పరిశీలించేవాడని ఆయన జీవితకథ రాసినవారు చెబుతారు. ఆయన చిత్రాల్లో గాలిలోంచి తలకిందులుగా దూసుకొచ్చే మనుషులు ఆ సాధన నుంచి వచ్చినవారే. ఇలాంటి పనికి మట్టి ఆరిపోయి బీటలిచ్చినా నష్టం లేదు. నానబెట్టి మళ్లీ ముద్ద చేసుకోవచ్చు. కాల్చని మట్టికి ఉన్న గొప్ప సౌకర్యం అదే.

ఫ్రెంచి చిత్రకారుడు డెగా సంగతి ఇంకా లోతైనది. ఆయన బతికుండగా ప్రదర్శనలో పెట్టిన శిల్పం ఒక్కటే, 1881లో చూపిన పద్నాలుగేళ్ల నాట్యకత్తె మైనపు బొమ్మ. దానికి నిజమైన గుడ్డ పావడా, జుట్టుకు నిజమైన రిబ్బను ఉన్నాయి. 1917లో ఆయన మరణించాక చిత్రశాలలో సుమారు 150 మైనపు, మట్టి బొమ్మలు బయటపడ్డాయి, వాటిలో చాలా వరకు అప్పటికే విరిగి, చిట్లి ఉన్నాయి. వాటిని కంచులో పోత పోయించే ప్రయత్నం ఆయన దాదాపుగా చేయలేదు. ఒక నాట్యకత్తె తన కుడి అరికాలిని చూసుకుంటున్న భంగిమను ఆయన మళ్లీమళ్లీ చేశాడు. ఒంటికాలి మీద నిలబడిన శరీరం బరువు తుంటిలోంచి ఎలా దిగుతుందో తేల్చుకోవడమే ఆయనకు ముఖ్యమని ఆ బొమ్మలను చూస్తే నాకు అనిపిస్తుంది. చిత్రకారుడికి మట్టి ఇచ్చే అసలైన లాభం ఈ బరువు. కాన్వాసు మీద నిలబడలేని మనిషిని కూడా నిలబడినట్టు గీసి చూపించవచ్చు. మట్టిలో కాలు సరైన చోట లేకపోతే బొమ్మ పడిపోతుంది.

ఉబ్బెత్తు శిల్పం విషయంలో మట్టిముద్ద గారి వాదన సాంకేతికంగా సరైనదే. అయినా చిత్రకారులు దానితో మొదలుపెట్టకూడదన్న ముగింపును నేను అంగీకరించలేను. డొనాటెల్లో స్థాయి పలుచదనం ఎవరూ మొదటిరోజు ఆశించరు. అరచేతి మందం ఉన్న ఎత్తైన రిలీఫ్ (ఉబ్బెత్తు శిల్పం) చేయవచ్చు కదా! ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ ఒక స్త్రీ వీపును గోడకు ఆనించిన నిలువెత్తు రిలీఫ్‌గా సుమారు 1909 నుంచి 1930 వరకు మధ్యమధ్య విరామాలతో నాలుగుసార్లు మలిచాడు. మొదటిదానిలో వెన్నెముక, భుజం కండరాలు, తుంటి వంపు అన్నీ కనిపిస్తాయి. చివరిదానికి వచ్చేసరికి నడుమ ఒక నిలువు కట్ట, రెండు పక్కలా రెండు స్తంభాలు మాత్రమే మిగిలాయి. ఆ సంవత్సరాల్లో ఆయన చిత్రాలు ఎటు మారుతూ వచ్చాయో ఆ నాలుగు వీపులను పక్కపక్కన చూస్తే తెలుస్తుంది. గోడను వదలకుండానే బరువును వెతకడానికి రిలీఫ్ ఎంతగా పనికొస్తుందో చూపే ఉదాహరణ ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. మన దేశంలో కె.జి. సుబ్రహ్మణ్యన్ 1970 దశకంలో చేసిన టెర్రకోట (కాల్చిన మట్టి) రిలీఫులలోనూ ముందు కనిపించేది చిత్రకారుడి కన్నే.

మరో మాట. కాల్పు విద్యనంతా ఒంటరిగా నేర్చుకోవాలన్న నియమం లేదు. పికాసో 1946లో ఫ్రాన్స్‌లోని వల్లోరిస్ ఊరిలో ఉన్న మదూరా కుండల పనిశాలకు వెళ్లి, మరుసటి ఏడాది నుంచి అక్కడి పనివారితో కలిసి మట్టి పని చేశాడు. సారె మీద అప్పుడే తీసిన పచ్చికుండను చేత్తో వంచి పావురంగా మార్చేవాడు, సీసా మెడను నొక్కి స్త్రీ నడుముగా మలిచేవాడు. స్పెయిన్ చిత్రకారుడు మీరో 1944 నుంచి తన మిత్రుడు, సిరామిక్ కళాకారుడు ఆర్తిగాస్‌తో కలిసి పనిచేశాడు. పారిస్‌లోని యునెస్కో భవనం దగ్గర 1958లో పూర్తయిన రెండు సిరామిక్ గోడలు వారిద్దరి పని. ఫ్రెంచి చిత్రకారుడు గోగాఁ కూడా 1886–87లో షప్లే అనే అనుభవజ్ఞుడి ఆవం దగ్గరే మట్టి పని నేర్చుకున్నాడు. ఆవం తెలిసినవారితో కలిసి కూర్చోవడం వల్ల కాలం ఆదా కావడమే కాదు, చిత్రకారుడికి తట్టని ఆకారాలు తడతాయి.

ఉపరితలం గురించి కూడా ఒక మనవి. చిత్రంలో కుంచె ఆనవాలును దాచని మీరు మట్టిలో మాత్రం తడివేలితో రుద్ది అంతా నున్నగా చేయకండి. అద్దిన ప్రతి మట్టి పెళ్లకు ఒక దిశ ఉంటుంది, దాని మీద వెలుగు ఆ దిశలోనే విరుగుతుంది. మీ చేతిరాత అందులో ఉంటుంది.

వర్ణరేఖ:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. తల వెనకభాగం గురించి చదివాక నా బొమ్మను పక్క నుంచి కొలిచి చూశాను. లోతు నిజంగానే చాలా తక్కువగా ఉంది, చెవి కూడా ముందుకు వచ్చి ఉంది. రూపం విషయంలో ఇప్పుడు నా దారి స్పష్టంగా ఉంది.

రిలీఫ్ గురించి మీ ఇద్దరి మాటలూ నాకు నచ్చాయి. ఒకే ముఖాన్ని ముందు అన్నివైపులా చేసి, తర్వాత దాన్ని ఎత్తైన రిలీఫ్‌గా మార్చి, ఆ రెండింటినీ ముందు పెట్టుకుని చిత్రం వేయాలని అనుకుంటున్నాను. ఒక్క సందేహం మిగిలింది. కాల్చిన బొమ్మ మీద, ఆవం అవసరం లేకుండా, నాకు అలవాటైన రంగులనే వేయవచ్చా? వేస్తే ముఖచిత్రంలో వేసినట్టు చెంప కింద నీడను కూడా రంగుతో వేయవచ్చా?

ఆవంసెగ:

వేయవచ్చు, అందులో తక్కువతనం ఏమీ లేదు. క్రీస్తుపూర్వం 4, 3 శతాబ్దాల నాటి గ్రీకు టనాగ్రా బొమ్మలకు తెల్లపూత మీద, కాల్చాకే రంగులు వేశారు. చైనాలో 1974లో బయటపడిన మట్టి సైనికులకు కూడా కాల్చిన మట్టి మీద లక్క పూసి ఆపైన రంగులు వేశారు. తవ్వకంలో బయటి గాలి తగిలి ఆ లక్కపొర ఎండి, చుట్టుకుని, రంగుతో సహా ఊడిపోవడం చూస్తే ఇందులోని ముఖ్యమైన విషయం అర్థమవుతుంది: రంగు ఎంత మంచిదైనా దాని కింది పొర మట్టిని పట్టుకుని ఉండాలి. కాల్చిన ఎర్రమట్టి తైలాన్ని పీల్చేస్తుంది, కాబట్టి తైలవర్ణం నేరుగా వేస్తే రంగు జీవం లేకుండా పాలిపోతుంది. ముందు పలుచని అక్రిలిక్ ప్రైమర్ రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరాక అక్రిలిక్ గానీ తైలవర్ణం గానీ వాడండి. ఇలా రంగు వేసినవాటిని తిండికి, నీటికి వాడకూడదు, ఎండావానల్లో ఉంచకూడదు.

నీడను రంగుతో వేయవద్దు. చెంప కింద మీరు వేసిన నీడకూ గదిలోని దీపం వేసే నీడకూ పొత్తు కుదరదు; దీపం జరిగినప్పుడు మీ నీడ అక్కడే ఉండి మాసిన మరకలా కనిపిస్తుంది. చర్మం రంగులో సహజంగా ఉండే తేడాలు మాత్రం తప్పక వేయండి: నుదుటి పసుపుదనం, చెవి అంచుల ఎరుపు, కళ్ల కింద నీలిఛాయ, గడ్డం దగ్గర చల్లదనం. ముఖచిత్రాలు వేసే కంటికి ఇవి ఎవరూ నేర్పనక్కర్లేదు. చాలా ముదురు, చాలా లేత రంగులను పక్కపక్కన పెడితే రూపం విరిగినట్టు కనిపిస్తుంది కాబట్టి రంగుల మధ్య తేడాను చల్లని, వెచ్చని ఛాయల్లో చూపించి, ముదురు లేతల తేడాను మాత్రం తగ్గించుకోండి.

మట్టిముద్ద:

ఆవంసెగ గారి మాటకు ఒక చిన్న చేర్పు. రంగు వేయాలనుకునే తలను చెక్కేటప్పుడు కనుపాపకు గుంట తవ్వవద్దు. గుంట నీడ, రంగు కనుపాప రెండూ కలిస్తే కన్ను బోలుగా కనిపిస్తుంది. నున్నని ఉండగా వదిలేసి, చూపును కుంచెకే అప్పగించండి.

పని ఆగిన రోజుల్లో బొమ్మను తడిగుడ్డతో నేరుగా చుట్టేస్తే గుడ్డ నేత అచ్చు పడుతుంది, ముక్కు కొన మెత్తబడి వంగిపోతుంది. ముఖానికి తగలకుండా చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి, వాటి మీద పలుచని ప్లాస్టిక్ కవరు కప్పి, అంచులను పీటకు కట్టండి. మళ్లీ మొదలుపెట్టే ముందు తుంపర చల్లి కొంతసేపు ఆగితే మట్టి పదునుకు వస్తుంది. చివరిగా ఆరోగ్యం విషయం: ఎండిన మట్టిలోని సిలికా ధూళి ఊపిరితిత్తులకు చాలా హానికరం. ఎండిన బొమ్మను గరుకు కాగితంతో రుద్దవద్దు, నేలను చీపురుతో ఊడ్వవద్దు, తడిగుడ్డతోనే తుడవండి. చిత్రాలు వేసే గదిలోనే మట్టి పని కూడా చేస్తున్నట్లయితే ఈ జాగ్రత్త ఇంకా అవసరం, ఎందుకంటే ఆ ధూళి తడి ఆరని తైలవర్ణం మీద కూడా పేరుకుంటుంది.